నిలువుటడవి

మన పల్లెలలో దేవాలయ గోపురముపైన ఒక రావిమొక్క మొలచినచో పెద్దలు చూచి ఊరకుండరు. పక్షి యేదో పండును తిని విత్తనమును అచట విడిచియుండును. వానకాలమున అది మొలకెత్తి ఇటుకల సందులలోనికి వేరును చొప్పించును. కొన్నియేండ్లు ఉపేక్షించినచో గోడ నెఱ్ఱెవిచ్చును. మరికొన్నియేండ్లకు శిఖరమే ఒరిగిపోవచ్చును. అందుచేత ఎవరో యొకరు నిచ్చెన వేసికొని యెక్కి ఆ మొక్కను వేరుతో పెరికివేయుదురు. రావిచెట్టు మనకు పూజ్యమే. కాని గోపురముమీద కాదు. నేల చెట్టునకు, కట్టడము మనుష్యునకు అని మనవారు ఏనాడో పంచుకొనిరి.

ఇట్టి తలపులతో పెరిగిన నాకు, నూరుమీటర్లకు మించిన మేడమీద అంతస్తు అంతస్తునను బుద్ధిపూర్వకముగ చెట్లను నాటి, వాని నడుమ కాపురముండు జనులు కలరని విన్నప్పుడు నమ్మిక కలుగలేదు. ఆ మేడలు ఇటలీ దేశమున మిలాను నగరమునందున్నవి. నా మేనల్లుడు ఆ నగరమునందలి సాంకేతిక విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండెను. 2022వ సంవత్సరము అక్టోబరు నెలలో వానిని చూడబోయినప్పుడు ఆ మేడలను గూడ చూచు అవకాశము లభించినది.

మిలాను ఇటలీకి ఉత్తరభాగమున, పో నదీ మైదానమున వెలసిన మహానగరము. ఉత్తరదిక్కున ఆల్ప్సు పర్వతములు గోడవలె నిలిచియుండుటచేత ఈ మైదానమున గాలి కదలిక తక్కువ. చలికాలమున పొగయు, ధూళియు నగరముపైననే నిలిచిపోవును. మేడమీద చెట్లు పెంచవలెనను తలంపు మొదట వినోదముగ తోచినను, ఈ గాలిని పీల్చి చూచినవారికి అంత వింతగ తోచదు. ఊరినడుమ పాలరాతితో కట్టిన గొప్ప ప్రార్థనామందిరము కలదు. దాని నిర్మాణము 1386లో మొదలై శతాబ్దములు సాగినది. దాని శిఖరమున నిలిచిన బంగారుపూత విగ్రహము నేలనుండి నూటయెనిమిది మీటర్లకు పైగా ఎత్తున మెరయుచుండును. తొలినాడు దానిని చూచి, మరునాటి యుదయమున మేము గరిబాల్డి రైల్వేస్టేషనునొద్ద దిగితిమి.

స్టేషను వెలుపల నంతయు క్రొత్త నగరము. అద్దపు గోడల మేడలు ఒకదానినొకటి చూచుకొనుచు నిలిచియున్నవి. మెట్లెక్కి, ఎత్తున కట్టిన ఒక విశాలమైన చదునును దాటితిమి. నా మేనల్లుడు నన్నొకచోట నిలిపి, "మామయ్యా, ఇప్పుడు ఎడమప్రక్కకు చూడండి" అనెను.

చూచితిని. మొదట నాకు అవి కట్టడములని తోచలేదు. కొండచరియ నొకదానిని కోసి తెచ్చి నగరమధ్యమున నిలిపినట్లుండెను. రెండు గోపురములు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఊదారంగు గోడలు అక్కడక్కడ మాత్రమే కానవచ్చుచున్నవి. తెల్లని అంచులుగల బాల్కనీలు ఒక క్రమము లేనట్లుగా, ఒకటి ఇటు, ఒకటి అటు, ముందునకు చొచ్చుకొని వచ్చియున్నవి. ప్రతి బాల్కనీనుండియు చెట్లు తలలెత్తినవి, కొమ్మలు చాచినవి, తీగలు వ్రేలాడుచున్నవి. శరత్కాల మగుటచే కొన్ని చెట్లు పసుపుపచ్చగను, కొన్ని ఇటుకరంగుగను మారియుండెను. కొన్ని మాత్రము ముదురాకుపచ్చగనే నిలిచియుండెను. గాలి వీచినప్పుడు మేడ యంతయు కదలినట్లు తోచుచుండెను. కదలినది ఆకులేగాని మేడ కాదు.

ఇటలీవారు దీనిని 'బోస్కో వెర్టికాలె' అందురు. బోస్కో యనగా అడవి. వెర్టికాలె యనగా నిలువైనది. మన మాటలలో నిలువుటడవి. 2014వ సంవత్సరమున దీని ప్రారంభోత్సవము జరిగినది. పెద్ద గోపురము ఎత్తు సుమారు 110 మీటర్లు, చిన్నది సుమారు 80 మీటర్లు. హైదరాబాదు చార్మినారును చూచినవారు దాని నెత్తిమీద మరియొక చార్మినారును నిలిపినట్లు ఊహించుకొనినచో పెద్ద గోపురపు ఎత్తు తెలియును. ఈ రెంటిమీదను కలిపి సుమారు 800 చెట్లు, 5,000 పొదలు, 15,000 చిన్నమొక్కలు నాటబడినవి. చెట్లలో కొన్ని తొమ్మిది మీటర్ల వరకు పెరిగినవి. ఇన్నింటిని నేలమీద పెంచినచో ఏడెకరములకు పైబడిన అడవి యగునని నిర్మాతలు లెక్కకట్టిరి. ఇచ్చట అవి ముక్కాలెకరపు జాగాలో ఇమిడిపోయినవి.

ఈ యూహ స్టెఫానో బోయెరి అను వాస్తుశిల్పిది. జాన్ ఆంద్రేయా బరేకా, జొవాన్ని లా వర్రా అను మరియిద్దరు శిల్పులు ఆయనతో కలిసి పనిచేసిరి. 2007లో బోయెరి దుబాయి నగరమునకు పోయి, ఎడారినడుమ అద్దములతో కప్పిన గోపురములు పదులకొలదిగ లేచుచుండుట చూచెను. అద్దము ఎండను మింగదు. ఎదుటివాని మీదికి విసరును. లోపలివారు చల్లగనుండవలెనన్న వెలుపలివారు మాడవలెను. గోపురమునకు అద్దమునకు బదులు ఆకులను తొడిగినచో ఏమగునని ఆయన కప్పుడు తోచినదట.

ఈ తలంపునకు పూర్వులు లేకపోలేదు. ఇటలీలోనే లూకా అను పాతపట్టణమున గ్వినీజి వంశమువారి యిటుక గోపురము కలదు. పదునాలుగవ శతాబ్దమునాటిది, నలుబదినాలుగు మీటర్ల యెత్తు. దాని తలమీద ఓక్ జాతి చెట్లు గుంపుగ పెరిగియున్నవి. మెట్లెక్కి పైకి పోయినవారు ఆ చెట్ల నీడన నిలిచి ఊరంతయు చూడవచ్చును. మన రావిమొక్కవలె అవి తమంత తాము మొలచినవి కావు. తొట్లలో మట్టిపోసి పెంచినవి. ఇక ఆస్ట్రియా దేశపు చిత్రకారుడు హుండర్ట్‌వాసర్ అనునాతడు 1973లో ఈ మిలాను నగరముననే ఒక వీధి యింటి కిటికీలలోనుండి చెట్లు వెలుపలికి వచ్చునట్లు నాటించి, వానికి 'అద్దెకున్న చెట్లు' అని పేరుపెట్టెను. ఇంటిలో చెట్టునకు గూడ ఒక గది ఇయ్యవలెననియు, అది నీడను, మంచిగాలిని అద్దెగా చెల్లించుననియు ఆతని వాదము. జనులు నవ్విరి. 1985లో వియన్నా నగరమున ఆతని పేర వెలసిన గృహమున ఆ యద్దెదారులు నేటికిని ఉన్నవి.

నవ్వుట సులభమే. కాని మేడమీద చెట్టును బ్రదికించుట యెట్లు? నా మనస్సులో గోపురముమీది రావిమొక్కయే మెదలుచుండెను. "వేళ్లు గోడను చీల్చవా?" అని మేనల్లుని అడిగితిని. వాడు ఆ విద్యయే చదువుచున్నవాడు; అడిగినదే తడవుగ బల్లపై కూర్చుండి కాగితమున గీతలు గీచి చెప్పనారంభించెను.

బాల్కనీలు గోడనుండి మూడుమీటర్లకు పైగా ముందునకు పొడుచుకొని వచ్చియున్నవి. వాని అంచున కాంక్రీటు తొట్లు కట్టిరి. పెద్దచెట్ల తొట్లు మీటరు లోతునకు పైబడినవి. తొట్టిలోపల నీరు దిగని పొర యొకటి, వేరు చొరరాని పొర యొకటి పరచిరి. వేరు ఎంత వెదకినను సందు దొరకదు. మట్టియు మన పెరటిమట్టి కాదు. తడిసిన మట్టి బరువు ఎంతయో తలమీద తట్ట మోసినవారికి తెలియును. అంతటి బరువును ప్రతి అంతస్తుకును వ్రేలాడదీయుట కష్టము కావున, అగ్నిపర్వతములు వెలిగ్రక్కిన తేలికరాళ్ల నలుసులను కలిపి మట్టిని తేలిక చేసిరి. అయినను మామూలు మేడకంటె దీనికి ఇనుము, కాంక్రీటు అధికముగనే కావలసివచ్చినవి. సిమెంటును కాల్చుటలో వెలువడు పొగను ఈ చెట్లు ఎన్నియేండ్లకు తీర్చుకొనునని అడుగు పండితులు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

బాల్కనీలు క్రమము లేనట్లు కనబడుటకును కారణము కలదు. ఒకదాని నెత్తిన మరియొకటి వచ్చినచో చెట్టు ఎదుగుటకు చోటుండదు. అందుచే వానిని ప్రక్కకు జరిపి జరిపి కట్టిరి. ఒక యంతస్తున నాటిన చెట్టు రెండుమూడంతస్తుల మేర నిరాటంకముగ పెరుగును. క్రింది యింటివాని చెట్టు పైయింటివానికి నీడ నిచ్చును.

నిజమైన శత్రువు గాలి. నేలమీద పిల్లగాలి యైనది నూరుమీటర్ల ఎత్తున పెనుగాలి యగును. చెట్టు విరిగి పడినచో క్రింద నడచువాని గతి యేమి? ఈ భయముచేత నిర్మాతలు ముందుగ చిన్న నమూనాను చేసి మిలానులోనే గాలిగొట్టమున పరీక్షించిరి. అంతటితో తృప్తిపడక, అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రమున తుపానుగాలిని పుట్టించు పెద్ద ఫంకాలు గల పరీక్షాశాలకు పోయి, నిజమైన చెట్లనే ఆ గాలికి ఎదురుగ నిలిపి చూచిరి. ఆ పిమ్మట చెట్లకు కట్లు నిర్ణయించిరి. క్రొత్తగ నాటిన చెట్టు వేళ్లూనువరకు సాగెడి పట్టీలతో దానిని పట్టియుంచిరి. మ్రానుకు ఉక్కుతీగను చుట్టి కట్టడమునకు బిగించిరి. మ్రాను విరిగినను క్రిందికి పోదు. గాలి మిక్కిలిగ తగులు తావులలో వేళ్లముద్దనే ఉక్కుచట్రమున బంధించిరి. దూరమునుండి చూచువానికి అది స్వేచ్ఛగ పెరిగిన అడవి. దగ్గరకు పోయి చూచినచో ప్రతి చెట్టును త్రాటితో కట్టిన ఆవువలె నున్నది.

చెట్లను గూడ ముందునుండియే శిక్షణ చేసిరి. గృహములు సిద్ధమగుటకు చాలకాలము ముందే, 2010లో, కోమో పట్టణప్రాంతమున ఒక తోటలో వానిని తొట్లలో నాటి, ఇరుకుచోట బ్రతుకుటకు అలవాటు చేసిరి. తరువాత క్రేనులతో ఎత్తి వాని వాని స్థానములలో నిలిపిరి. ఏ చెట్టు ఎచ్చట నుండవలెనను నిర్ణయమున లావురా గాట్టి అను వృక్షశాస్త్రజ్ఞురాలు ముఖ్యురాలు. ఎండ అధికముగ తగులు దిక్కునకు తగినవి వేరు, నీడదిక్కునకు తగినవి వేరు. ఓక్, బీచ్, మేపుల్, ఆలివ్ మొదలగు జాతులెన్నియో చేర్చిరి. ఆకురాల్చు చెట్లు వేసవిలో గదులకు నీడనిచ్చి, చలికాలమున ఆకులు రాల్చి ఎండను లోనికి రానిచ్చును. మన ముంగిట వేపచెట్టు చేయు మేలు వంటిదే ఇదియు.

నీటికి భూగర్భజలమును పంపులతో పైకెక్కించి, సన్నని గొట్టములద్వారా తొట్టితొట్టికిని బొట్టుబొట్టుగ అందింతురు. తొట్లలో తేమను కనిపెట్టు పరికరములున్నవి. ఏ తొట్టి ఎండుచున్నదో ఒక్కచోటనుండియే తెలిసికొందురు. పురుగుమందు చల్లుటకు వీలులేదు. గాలికి అది పొరుగువాని అన్నములో పడును. కావున పేనుబంకను తిను అక్షింతల పురుగులను వేలకొలది తెప్పించి చెట్లపై విడిచిరి. చీడకు మందు కొనుటకంటె చీడను తినువానిని పోషించుట మేలని మన రైతులలోను కొందరు చెప్పుదురు. ఆ పిమ్మట పక్షులు తమంత తామే వచ్చి గూళ్లు కట్టుకొనినవి. వానిని ఎవరును పిలువలేదు.

మేనల్లుడు ఇట్లు చెప్పుచుండగా తలయెత్తి చూచితిని. పెద్ద గోపురము కొనకు దాపున, ఒక చెట్టు ప్రక్కన, ఎఱ్ఱని చుక్క యొకటి కదలుచుండెను. అది మనుష్యుడు. నడుమునకు త్రాళ్లు కట్టుకొని, తలకు ఎఱ్ఱని టోపీ ధరించి, గోడను కాలితో తన్నుచు గాలిలో వ్రేలాడుచు ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవుచుండెను. కొంత క్రిందుగ మరియొకడు. "వారు ఎగిరెడి తోటమాలులు, మామయ్యా" అని నా మేనల్లుడు చెప్పెను. ఆ యూరివారు వారికి పెట్టిన పేరే అది. వారు కొండలెక్కు విద్యయు, చెట్టునెరుగు విద్యయు రెండును నేర్చినవారు. పైకప్పునుండి త్రాళ్లపై దిగి, ఎండుకొమ్మలను కోయుదురు, పెచ్చుపెరిగిన కొమ్మలను కత్తిరింతురు, కట్లు వదులైనవేమో పరీక్షింతురు, చెట్టునకు జబ్బు తగిలినదేమో చూతురు.

నాకు మన తాటిచెట్టెక్కు గీతకార్మికుడు తలపునకు వచ్చెను. మోకు, ముత్తాదు కట్టుకొని అతడు నిత్యము చేయు సాహసమును మనము తలయెత్తి చూడము. ఇచ్చట జనులు గుంపుగ నిలిచి చూచుచుండిరి.

"ఆ యింటివారే తమ చెట్లను తాము కత్తిరించుకొనరాదా?" అని అడిగితిని.

"కూడదు. తొట్టి వారి బాల్కనీలోనున్నను చెట్టు వారిది కాదు. అవి మేడవాసులందరి ఉమ్మడిసొత్తు. కొమ్మ యడ్డమైనదని నరుకుటకు గాని, నచ్చలేదని మరియొకటి నాటుటకు గాని ఇంటివానికి అధికారము లేదు. పోషణవ్యయము మాత్రము అందరును భరింపవలెను."

ఈ మాట నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. లక్షల యూరోలు పోసి కొనుక్కొన్న ఇంటిలో, కిటికీ యెదుట నిలిచిన చెట్టుమీద యజమానికి అధికారము లేదు. ఆ చెట్టునకు మాత్రము ఆతనిమీద అధికారము కలదు. నెలనెల ఖర్చు వసూలు చేయుచున్నది. హుండర్ట్‌వాసర్ చెప్పిన అద్దెదారుడు ఇచ్చట యజమానియైనట్లున్నది.

ఈ కట్టుబాటు లేనిచో ఏమగునో చైనా దేశమున కొందరు చూచిరి. చెంగ్డు నగరమున ఎనిమిది గోపురములు, 826 ఇండ్లు, ప్రతి బాల్కనీలోను మొక్కలు. చూపునకు మిలానుకంటె దట్టమైన అడవి. ఇండ్లన్నియు అమ్ముడుపోయినవి. కాని కాపురమునకు వచ్చినవారు తక్కువ. కత్తిరించువారు లేక మొక్కలు ఇష్టము వచ్చినట్లు పెరిగి కిటికీలను మూసివేసినవి. తడి నిలిచి దోమలు ముసరినవి. 2020 సెప్టెంబరు నాటికి పదికుటుంబములకు మించి అందు నివసించుట లేదని వార్తాపత్రికలు వ్రాసినవి. అక్కడి తేమవాతావరణము వేరు, మిలాను వేరు అనుట నిజమే. కాని రెండుచోట్లను మొక్కలు మొక్కలే. త్రాటిమీద వ్రేలాడు ఆ ఎఱ్ఱటోపీ మనుష్యుడు రెండవచోట లేకపోయెను.

లోపలికి పోయి చూడవలెనని నాకు కోరిక కలిగెను. ద్వారముకడ నిలిచితిమి గాని అది ప్రజలకు ప్రవేశముగల స్థలము కాదు. జనులు కాపురముండు గృహము. పరదేశీయులెందరో మావలెనే గుమ్మము వెలుపల నిలిచి మెడలు నొప్పిపుట్టునట్లు పైకి చూచి మరలిపోవుచుండిరి. మేమును మరలి, గోపురముల ముంగిటనున్న ఉద్యానమున కూర్చుంటిమి. ఆ ఉద్యానము 2018లో ఏర్పడినది. దానికి 'చెట్ల గ్రంథాలయము' అని పేరు. వలయాకారముగ నాటిన తోపులు, వానినడుమ అడ్డదిడ్డముగ పోవు బాటలు, పిల్లల యాటస్థలములు. ఇచ్చటికి ఎవరైనను రావచ్చును.

మా బల్లమీదనే ఒక వృద్ధుడు కూర్చుండియుండెను. మేము పైకి చూచుచుండుట చూచి ఆయన నవ్వి పలుకరించెను. నా మేనల్లుడు ఆ మాటలను నాకు తెలుగున చెప్పెను. ఆయన ఈ పేటలోనే పుట్టినవాడట. ఈ పేటపేరు ఈజోలా, ద్వీపమని అర్థము. రైలుపట్టాలు అడ్డమై నగరమునుండి దీనిని వేరుచేయుటచే ఆ పేరు వచ్చినదట. ఒకప్పుడు కార్మికులు, చేతిపనివారు నివసించిన తావు. పాత కర్మాగారపు కట్టడమొకటి ఇచ్చట నుండెడిది. అందు చేతిపనివారికి, చిత్రకారులకు పనిచోట్లుండెడివి. ప్రక్కనే చిన్న తోట. క్రొత్త మేడలకొరకు 2007లో ఆ కట్టడమును కూల్చిరి. పేటవారు, చిత్రకారులు ఎదిరించిరి గాని సాగలేదు.

"ఇప్పుడు చెట్లు మునుపటికంటె ఎక్కువే" అని ఆ వృద్ధుడు గోపురమువైపు చేయి చూపెను. "కాని ఆ చెట్లక్రింద నేను కూర్చుండజాలను."

నా మేనల్లునికి ఆ మాట రుచింపలేదు. వానికి ఆ మేడలన్న అభిమానము. ఆ యాకులు ధూళిని పట్టుకొనుననియు, ఆ నీడ వీధికి గూడ మేలు చేయుననియు, పక్షులు ధనికుల పేదల భేదమెరుగవనియు చెప్పెను. హాలెండు దేశమున ఐండ్‌హోవెన్ నగరమున ఇదే శిల్పి కట్టిన గోపురము 2021లో పూర్తియైనదనియు, అందలి 125 ఇండ్లును తక్కువ ఆదాయము గలవారికి అద్దెకిచ్చునవనియు, చిన్న యిండ్లే యైనను వారికిని బాల్కనీలో చెట్టు కలదనియు చెప్పెను. వృద్ధుడు శ్రద్ధగ వినెను. "అట్లయిన మొదట అచ్చట కట్టి, తరువాత ఇచ్చట కట్టవలసినది" అనెను. తరువాత తానే నవ్వి, తాను కూర్చుండిన బల్లపైన కొమ్మను చూపి, "దీనిక్రింద కూర్చుండవచ్చును లెండి. ఇంకను పెద్దది కావలెను" అనెను. నాటి నాలుగేండ్లయిన చెట్టు అది. నీడ ఒక్క మనిషికి సరిపోవునంత.

వారిద్దరిలో ఎవరిది న్యాయమో నేను చెప్పజాలకపోతిని. ఆ మేడలను చూచి ఆనందించితిననుట సత్యము. ఆ తోట పోయినదన్న ముసలివాని మాట మనస్సున ముల్లై నిలిచిననుటయు సత్యము.

మధ్యాహ్నము తిరిగినది. తోటమాలులు ఒక్కొక్క యంతస్తును దిగుచు వచ్చుచుండిరి. కోసిన కొమ్మలను గోనెలలో నింపి త్రాళ్లపై జారవిడుచుచుండిరి. క్రింద ఒకడు నిలిచి వానిని అందుకొని బండిలో వేయుచుండెను. ఒకచోట బాల్కనీలోనికి ఒక చిన్నబాలిక వచ్చి, అద్దమునకు ముక్కు ఆనించి, తన కిటికీ యెదుట వ్రేలాడుచున్న తోటమాలిని చూచుచుండెను. అతడు కత్తెరతో నమస్కారము చేసినట్లు సైగచేసి, ఆమె యెదుటి కొమ్మను ఒకదానిని కోసి, మరియొక దానిని అట్లే వదలి, త్రాడు సడలించుకొని క్రిందికి పోయెను.

పొద్దు క్రుంకువేళకు పక్షులు గుంపులుగ వచ్చి ఆ గోపురముల చెట్లలో చేరినవి. వాని కలకలము క్రిందికి వినవచ్చుచుండెను. ఆకులసందున ఒక్కొక్క యింట దీపము వెలిగెను. వృద్ధుడు లేచి, తన చేతికర్రను తీసికొని, మాకు వీడ్కోలు చెప్పి ఈజోలా వీధులలోనికి పోయెను. చలి హెచ్చుచున్నదని మేనల్లుడు తొందరపెట్టగా మేమును లేచి గరిబాల్డి స్టేషను దారి పట్టితిమి.